వాదనా, వితండమా?

ఎడిటర్ గారికి నమస్కారం. మొన్న ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర టీ తాగుతుంటే పక్క బెంచీ మీద ఓ కుర్రాడు వాళ్ల మావయ్యతో, అరసవల్లి సూర్యుడి గుడిలో ఏడాదికి రెండుసార్లు స్వామి పాదాల మీద ఎండ పడటానికి గుడి కట్టిన దిక్కు కారణం కావచ్చు కదా అన్నాడు, అంతే, పెద్దాయన "అయితే దేవుడు లేడంటావేటి" అని గ్లాసు ఠపీమని పెట్టేశాడు. ఆ మాట కుర్రాడు అన్లేదండీ! వాడూ తక్కువేం కాదు, "ఇంటర్ తప్పినోడివి నీకేటి తెలుస్తాది" అనేశాడు, ఇంటర్‌కీ ఎండకీ ఏం సంబంధమో మరి.

మన న్యాయశాస్త్రంలో, అంటే కోర్టులది కాదు, పాతకాలపు తర్కశాస్త్రంలో, వీటికి ఎప్పుడో పేర్లు పెట్టేశారు, నిజం తేల్చుకోడానికైతే వాదం, గెలుపు కోసమే అయితే జల్పం, తన పక్షమంటూ లేకుండా అవతలోడిది పడగొట్టడమే పనైతే వితండం. ఎదుటోడి మాటకి వాడనుకోని అర్థం తగిలిస్తే ఛలం, నవకంబళం అంటే కొత్త కంబళి అని తెలిసీ తొమ్మిది కంబళ్లెక్కడున్నాయ్ అని అడగడం లాంటిదన్నమాట. హేత్వాభాసాలు, అంటే కారణంలా కనపడే తప్పుడు కారణాలు, ఇంకో 5 ఉన్నాయి, అవన్నీ రాస్తే మీరు ఉత్తరం కత్తిరించేస్తారు. మీ భక్తి పేజీలో వారానికొకటి వేయొచ్చు కదా.

టీ డబ్బులు మాత్రం పెద్దాయనే ఇచ్చాడు లెండి.

- ఓ పాఠకుడు, శ్రీకాకుళం