తొమ్మిదో తరగతిలోనే పనులు చూపించండి

సంపాదకులకు,

పదో తరగతి పరీక్షల ముందు ఒక గంట కెరీర్ గైడెన్స్ సభ పెట్టి, ఇంటర్ గ్రూపుల పేర్లు చదివి పంపేస్తున్నారు. అప్పటికే ఏ గ్రూపో ఇంట్లో తేలిపోయి ఉంటుంది. పనులు చూపించాల్సింది తొమ్మిదిలో. మన గోదావరి డెల్టాలో రైస్ మిల్లో, రొయ్యల చెరువో, నర్సరీయో లేని ఊళ్లు తక్కువ.

60 మందిని ఒకేసారి తీసుకెళ్తే గేటు దగ్గర ఫొటో తప్ప ఏమీ మిగలదు. ఆరుగురు చొప్పున, టీచరు తోడుగా, రెండు గంటలు ఒకే మనిషి చేసే పనిని చూడాలి. వేళ కూడా ముఖ్యం. చెరువు నీళ్లలో ఆక్సిజన్ బాగా పడిపోయేది తెల్లవారుజామున. రాత్రి ఎండ ఉండదు కాబట్టి నీటిలోని నాచు ఆక్సిజన్ ఇవ్వదు, పైగా తానే పీల్చుకుంటుంది. లీటరుకు 4 మిల్లీగ్రాముల కన్నా తగ్గితే రొయ్య నీరసపడుతుంది. టెక్నీషియన్ మీటరు ముంచి, నీటిని చిలికి గాలి కలిపే ఏరేటర్లు వేయించడం కళ్లారా చూసిన పిల్లకు కిరణజన్య సంయోగక్రియ మళ్లీ చెప్పనక్కర్లేదు. వేళ కాని వేళ అని ఆడపిల్లల్ని ఆపొద్దు, టీచరమ్మను తోడు పంపండి. మిల్లుకైతే సార్వా (ఖరీఫ్) కోతలప్పుడు వెళ్లాలి. తేమ 17 శాతం దాటిన ధాన్యాన్ని ఎందుకు ఒప్పుకోరో అక్కడ తేమ మీటరు పట్టుకున్న మనిషి చెప్పాలి.

పిల్లల చేత పని చేయించకూడదు. మిల్లు బెల్టుల దగ్గరకు, చెరువు గట్టు మీద కరెంటు తీగల దగ్గరకు పోనివ్వకూడదు. చున్నీలు ముడేసుకోవాలి. తల్లిదండ్రుల సంతకం ముందే తీసుకోవాలి.

అడగాల్సినవి ఐదు: పొద్దున్నే మొదట ఏం చేస్తారు? తప్పు ఎక్కడ జరుగుతుంది? ఈ పని ఎక్కడ నేర్చుకున్నారు? ఒంటికి ఏం ఇబ్బంది? మొదటి ఏడాది జీతమెంత? చివరిది అడగడానికి టీచర్లు మొహమాటపడతారు. పిల్లలకు, ముఖ్యంగా పేదింటి పిల్లలకు, అన్నిటికన్నా అవసరమైన ప్రశ్న అదే.

మర్నాడు తరగతిలో ఒక్కొక్కరు ఐదు నిమిషాలు చెప్పాలి. దారులు చెప్పాల్సింది ఆ తర్వాతే: ఐటీఐలో 2 ఏళ్ల ఎలక్ట్రీషియన్ ట్రేడు, వ్యవసాయ, ఫిషరీస్ డిప్లొమాలు, పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్ష అయిన పాలిసెట్. పాలిసెట్‌లో 120 ప్రశ్నలకు 50 లెక్కలవే. లెక్కలంటే బెదిరే పిల్లలకు ఈ సంగతి తొమ్మిదిలో తెలిస్తే ఇంకా ఏడాది చేతిలో ఉంటుంది.

సీట్ల దగ్గర చిక్కంతా కాగితాలతోనే. బడి రిజిస్టరులో ఒక పుట్టిన తేదీ, ఆధార్‌లో ఇంకొకటి. ఒకచోట ఇంటిపేరు పూర్తిగా, ఇంకోచోట పొడి అక్షరం. పదో తరగతి మార్కుల జాబితా మీద అచ్చయ్యాక మార్పించుకోవడానికి నెలలు తిరగాలి. తొమ్మిది ముగిసే లోపే ఈ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూడమని ప్రతి ఇంటికీ కబురు చేయండి.

— కొందరు వృత్తి విద్యా ఉపాధ్యాయులు, అమలాపురం