పట్టపగలు ఫ్లాష్ ఎందుకంటే

సంపాదకుల వారికి,

నమస్కారం. ఆరుబయట కుటుంబ చిత్రం తీసేటప్పుడు సూర్యుడు ఫొటోగ్రాఫర్ వీపు వెనుక ఉండాలని మీ ఫొటోగ్రఫీ శీర్షికలో ఇటీవల సూచించారు. ఫిల్ముకు వెలుతురు ఎంత ఉన్నా సరిపోని రోజుల్లో ఆ సలహాకు అర్థం ఉంది. ఇప్పుడు దానివల్ల కష్టపడేది ఫొటోలో నిలబడేవాళ్లే. ఎండకు ఎదురుగా నిలబెట్టిన కుటుంబాన్ని దగ్గరగా గమనించండి: పెద్దవాళ్ల కనుబొమలు ముడిపడి ఉంటాయి, కనుగుంటలు నల్లగా నీడపట్టి ఉంటాయి, ముక్కు నీడ పెదవి దాకా జారుతుంది, చిన్నపిల్ల నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటుంది. నవ్వమంటే నవ్వుతారు గానీ కళ్లు మాత్రం తెరవలేరు. కళ్లు కనిపించని కుటుంబ చిత్రాన్ని ఎన్నేళ్లు దాచుకున్నా అందులో మనవాళ్లు మనకు పూర్తిగా దొరకరు. చాలా ఏళ్లుగా కుటుంబాల ఫొటోలు తీస్తున్నవాడిగా, ఒకే ఒక్క ఫ్లాష్‌తో ఈ ఇబ్బందిని ఎలా తప్పించవచ్చో మీ పాఠకులకు చెప్పాలనే ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఫ్లాష్ చీకటి కోసమేనని చాలామంది అనుకుంటారు. నిజానికి దాని అవసరం ఎండలోనే ఎక్కువ. కుటుంబాన్ని వెనక్కు తిప్పి, సూర్యుడు వాళ్ల వీపుకు వచ్చేలా నిలబెడితే మొహాలన్నీ నీడలోకి వస్తాయి, కళ్లు హాయిగా తెరుచుకుంటాయి, జుట్టు అంచున, భుజాల మీద ఎండ సన్నని గీతలా మెరుస్తుంది. అప్పుడు చిక్కు కెమెరాకు వస్తుంది: మొహాలకు సరిపెడితే ఆకాశం తెల్లగా పాలిపోతుంది, ఆకాశానికి సరిపెడితే మొహాలు నల్లబడతాయి. ఈ రెండింటి మధ్య తేడాను పూడ్చడమే ఫ్లాష్ చేయవలసిన పని.

ఇక్కడ ఒక్క విషయం అర్థమైతే మిగతాదంతా తేలికవుతుంది. ఒకే ఫొటోలో మనం రెండు వెలుగులను వేర్వేరుగా కొలుస్తున్నాం. ఫ్లాష్ వెలిగి ఆరిపోవడానికి పట్టే సమయం సాధారణంగా సెకనులో వెయ్యో వంతుకు అటూఇటూ మాత్రమే కాబట్టి, షట్టర్, అంటే కెమెరాలోకి వెలుగును వదిలే తెర, ఎంతసేపు తెరుచుకుని ఉందన్నది దాన్ని అంటదు. షట్టర్ సమయం ఎండ వెలుగునే పెంచుతుంది, తగ్గిస్తుంది. ఎపర్చరు, అంటే లెన్సులో వెలుగు దూరే రంధ్రం, మాత్రం రెండింటి మీదా పనిచేస్తుంది. అందుచేత ముందు ఫ్లాష్ ఆపి, ఆకాశమూ చెట్లూ కాస్త ముదురుగా, సుమారు ఒక స్టాప్ (అంటే వెలుగు సగం) తక్కువగా వచ్చేలా షట్టర్‌నూ ఎపర్చరునూ కుదుర్చుకుని, ఆ తరువాత మొహాలకు కావలసినంత వెలుగును ఫ్లాష్ శక్తితో చేర్చాలి. కదలకుండా నిలబడే గ్రూపుకు ఆటోమేటిక్ పద్ధతి కన్నా చేతితో శక్తిని నిర్ణయించుకోవడమే మేలని నా అభిప్రాయం, ఎందుకంటే వెనుక నుంచి కొట్టే ఎండో, ఎవరో తొడుక్కున్న తెల్లచొక్కానో ఆటోమేటిక్ లెక్కను ఫొటోకో రకంగా మార్చేస్తాయి.

అయితే షట్టర్‌కు ఒక హద్దు ఉంది. చాలా కెమెరాల్లో ఫ్లాష్‌తో సరిగ్గా కలిసే గరిష్ఠ వేగం సెకనులో 200 లేదా 250వ వంతు. దాన్ని దాటితే ఫొటోలో ఒక పక్క నల్లటి పట్టీ పడుతుంది. షట్టర్ కదులుతున్నంతసేపూ ఫ్లాష్ చిన్నచిన్నగా వెలుగుతూనే ఉండే హైస్పీడ్ సింక్ పద్ధతి పెట్టుకుంటే ఈ హద్దు దాటవచ్చు గానీ, ఫ్లాష్ బలం బాగా పడిపోతుంది, ఒకే చిన్న ఫ్లాష్ ఉన్నవారికి అది ఖరీదైన బేరం. మిట్టమధ్యాహ్నం ఐఎస్ఓ (కెమెరా వెలుగును పట్టే చురుకుదనం) 100, షట్టర్ 200వ వంతు పెడితే ఎపర్చరు సుమారు ఎఫ్/11 కావాలి (ఈ అంకె పెరిగేకొద్దీ రంధ్రం చిన్నదవుతుంది). గైడ్ నంబరు (ఫ్లాష్ బలాన్ని చెప్పే అంకె, దాన్ని ఎఫ్ అంకెతో భాగిస్తే అందే దూరం మీటర్లలో వస్తుంది) 36 ఉన్న ఫ్లాష్ ఆ ఎపర్చరు దగ్గర పూర్తి బలంతో వెలిగినా 3.3 మీటర్ల దూరం వరకే నిండుగా అందుతుంది. వెలుగు మెత్తబడాలని దాని ముందు తెల్ల గొడుగు పెడితే వెలుగులో నాలుగింట మూడు వంతుల దాకా పోవచ్చు, అప్పుడు అందే దూరం సగానికి పడిపోతుంది. అందుకే మధ్యాహ్నం పూట చెట్టు నీడనో గోడ నీడనో వెతుక్కోవాలి, లేదా సూర్యాస్తమయానికి ముందు గంటను ఎంచుకోవాలి. వెలుతురు తగ్గి ఎఫ్/5.6 పెట్టుకోగలిగిన వేళ అదే ఫ్లాష్ సుమారు రెట్టింపు దూరం అందుకుంటుంది, రెండు వరుసల మనుషులు స్పష్టంగా రావడానికీ ఆ ఎపర్చరు చాలావరకు సరిపోతుంది.

ఫ్లాష్‌ను కెమెరా మీద నుంచి దించడం నేను ఆలస్యంగా నేర్చుకున్నాను. మా తమ్ముడి కుటుంబాన్ని ఒక సాయంత్రం కెమెరా మీద పెట్టిన ఫ్లాష్‌తోనే తీశాను. ముందు కూర్చున్న పిల్లలు మీటరున్నర దూరంలో, వెనుక నిలబడ్డ పెద్దలు మూడు మీటర్ల దూరంలో ఉన్నారు. పిల్లల మొహాలు సున్నం కొట్టినట్టు వచ్చాయి, పెద్దల మొహాలు మసకబారిపోయాయి. దూరం రెట్టింపైతే వెలుగు నాలుగో వంతుకు పడిపోతుంది మరి. మళ్లీ తీద్దామంటే అందరూ ఒకచోట చేరిన రోజు మళ్లీ రాలేదు. ఇప్పటికీ ఆ ఫొటో చూస్తే మనసు చివుక్కుమంటుంది.

ఫ్లాష్‌ను స్టాండుకు బిగించి, రేడియో ట్రిగ్గర్ (తీగ లేకుండా దూరం నుంచి ఫ్లాష్‌ను వెలిగించే పరికరం)తో వెలిగిస్తే దాన్ని కావలసినంత వెనక్కు జరపవచ్చు. ముందు వరుసకూ వెనుక వరుసకూ మీటరు తేడా ఉందనుకుందాం. ఫ్లాష్ ముందు వరుసకు మీటరున్నర దూరంలో ఉంటే వాళ్ల మీద పడే వెలుగు వెనుకవాళ్ల కన్నా దాదాపు మూడు రెట్లు ఉంటుంది. అదే నాలుగు మీటర్లకు జరిపితే తేడా ఒకటిన్నర రెట్లకు దిగుతుంది, కంటికి పెద్దగా తెలియదు. సూర్యుడు వెనుక ఎడమవైపు ఉంటే ఫ్లాష్ ముందు కుడివైపు, అందరికన్నా పొడవైన మనిషి తల పైన అడుగో రెండడుగులో ఎత్తులో ఉండాలి. దాన్ని దగ్గరి మనిషి వైపు కాకుండా దూరంగా ఉన్న చివరి మనిషి వైపు తిప్పితే రెండు చివర్లా వెలుగు సమంగా పడుతుంది. ఒకరి నీడ ఇంకొకరి మొహం మీద పడకుండా, వెనుకవాళ్ల తలలు ముందువాళ్ల తలల మధ్య సందుల్లోంచి కనిపించాలి. కళ్లద్దాల మీద వెలుగు తళుక్కుమంటే స్టాండు ఇంకొంచెం పైకి లేపితే చాలు. గాలికి గొడుగు స్టాండు ఒక్క క్షణంలో పిల్లల మీదికి ఒరుగుతుంది కాబట్టి ఇసుక సంచి కట్టాలి, లేదా దాన్ని పట్టుకోవడానికే ఒక మనిషిని నిలబెట్టాలి.

రంగు సంగతి చాలామంది వదిలేస్తారు. ఫ్లాష్ వెలుగు సుమారు 5500 కెల్విన్, అంటే పగటి ఎండలా తెలుపు. సాయంత్రపు ఎండ నారింజ రంగులో ఉన్నప్పుడు ఫ్లాష్‌ను అలాగే వాడితే మొహాలు ఎక్కడినుంచో కత్తిరించి అతికించినట్టు చల్లగా, నీలంగా కనిపిస్తాయి. పలచటి నారింజ జెల్ కాగితం ఫ్లాష్‌కు అంటిస్తే ఆ తేడా పోతుంది.

చివరిగా, పెద్దవయసువాళ్ల గురించి. ఈ కొలతలన్నీ సరిచూసుకోవడానికి పదిహేను నిమిషాలు పట్టవచ్చు. ఆ సమయమంతా వాళ్లను నిలబెట్టకూడదు. ఇంట్లో కుర్రవాడినెవరినైనా వాళ్ల చోట నిలబెట్టి, వెలుగు కుదిరాక మాత్రమే వాళ్లను పిలవాలి. ఫ్లాష్ పూర్తి బలంతో వెలిగితే మళ్లీ సిద్ధం కావడానికి కొన్ని సెకన్లు తీసుకుంటుంది, సగం బలంలో ఉంచితే అంత ఆలస్యం ఉండదు. ఎవరో ఒకరు రెప్పవేస్తారు కాబట్టి వెంటవెంటనే నాలుగైదు ఫొటోలు తీసి వాళ్లను పంపించెయ్యవచ్చు. వీపు మీద ఎండ, కళ్లలో ఫ్లాష్ మెరుపుగా ఒక చిన్న తెల్లచుక్క, నుదుట ముడతలేని మొహం. మీ శీర్షికలో ఈసారి కుటుంబ చిత్రాల ప్రస్తావన వచ్చినప్పుడు సూర్యుణ్ణి వీపు వెనుక పెట్టుకోమని ఫొటోగ్రాఫర్‌కు కాక, ఫొటోలో నిలబడేవాళ్లకు చెప్పమని కోరుతున్నాను.

ఇట్లు,
మీ పాఠకుడు, ఒక ఫొటోగ్రాఫర్