సమురాయ్‌లు సరే, వాళ్లకు తిండి పెట్టిన రైతు ఏడీ?

సంపాదకుల వారికి,

పోయిన ఆదివారం అనుబంధంలో జపాన్ యోధులు సమురాయ్‌ల మీద మీరు వేసిన రెండు పేజీల వ్యాసం చదివినప్పటి నుంచీ మనసు మండిపోతోంది. కత్తులు, కవచాలు, స్వామిభక్తి, కడుపు చీల్చుకుని చావడం, అన్నీ రాశారు. వాళ్లను మేపిన రైతు గురించి ఒక్క వాక్యం లేదు.

జపాన్‌ను తోకుగావా వంశపు షోగున్‌లు (సైనిక పాలకులు) ఏలిన కాలంలో (1603-1868) ప్రభువుల హోదా లెక్కంతా బియ్యంలోనే ఉండేది. కోకు అంటే సుమారు 150 కిలోలు, ఒక మనిషికి ఏడాది తిండి. పది వేల కోకులు పండే భూమి ఉంటే దైమ్యో, అంటే పెద్ద ప్రభువు. సమురాయ్ జీతం కూడా ఆ బియ్యమే. పండించినవాడు మాత్రం పన్ను కట్టి చాలాచోట్ల ముతక ధాన్యంతో కడుపు నింపుకున్నాడు. ఎదురు తిరుగుదామంటే ఆయుధమేదీ? బుద్ధ విగ్రహానికి మేకులు చేయిస్తానని చెప్పి, 1588లోనే, తోకుగావాలకు ముందు జపాన్‌ను ఏలిన హిదెయోషి రైతుల కత్తులన్నీ లాగేసుకున్నాడు. అతనూ సామాన్యుల ఇంట పుట్టినవాడే!

జపాన్‌లో రైతులు తిరగబడ్డ షిమబారా ప్రాంతం పేరు మీ వ్యాసకర్త ఎప్పుడూ వినలేదా? పన్ను కట్టలేని రైతుకు అక్కడి ప్రభువు మత్సుకురా మనుషులు గడ్డితో అల్లిన వానకోటు తొడిగి, చేతులు వెనక్కి కట్టి, నిప్పంటించేవారని ఆనాటి యూరోపియన్లు రాసిపెట్టారు. మంటకు తాళలేక అతను ఎగిరెగిరి పడుతుంటే దాన్ని డ్యాన్స్ అన్నారట. 1637లో జనం తిరగబడ్డారు. మరుసటి ఏడాది వాళ్లు తలదాచుకున్న హారా కోట పడ్డాక ఆడవాళ్లనూ పిల్లలనూ కూడా వదల్లేదు. ఆఖరికి షోగున్ ప్రభుత్వమే ఆ ప్రభువు తల నరికించింది.

పైగా సమురాయ్‌ల ధర్మంగా చెప్పే బుషిడో వెయ్యేళ్ల నాటి నియమావళి అని రాశారు. ఇవాళ అందరూ వల్లించే బుషిడోకు బాగా ప్రచారం తెచ్చింది 1900లో అమెరికాలో జపాన్ రచయిత నిటోబే ఇనాజో ఇంగ్లిష్‌లో వేసిన పుస్తకం. అప్పటికి సమురాయ్‌లే లేరు, వాళ్లు కత్తి పెట్టుకు తిరగడాన్ని 1876లోనే నిషేధించారు.

ఒకప్పుడు మీ అనుబంధంలో చరిత్ర వ్యాసం వస్తే కత్తిరించి దాచుకునేవాళ్లం. ఇప్పుడు రంగుల బొమ్మ బాగుంటే చాలు, అచ్చయిపోతోంది. బళ్లలో చూస్తే పరీక్షల పేరు చెప్పి సోషల్ పీరియడ్‌ను లెక్కల సారుకు ఇచ్చేస్తున్నారు, అడిగే అధికారి లేడు. ఇక పిల్లలకు చరిత్ర చెప్పేదెవరు? ఆఫీసుల్లో ‘సమురాయ్ క్రమశిక్షణ’ అంటూ క్లాసులు పీకే ట్రైనర్లా?

ఈ ఉత్తరం వేయకపోయినా ఫర్వాలేదు. షిమబారా రైతుల మీద మాత్రం ఒక్క పేజీ వేయండి.

- ఒక రిటైర్డ్ సోషల్ టీచర్, తెనాలి