ఊపిరి ఆగినట్టుండే నిద్ర

చిట్టితల్లీ,

కాలిఫోర్నియాలోని సాన్ డియాగోలో సముద్రపు ఒడ్డున ఉన్న లా హోయా నుంచి నువ్వు పంపిన సీ లయన్ వీడియో నేనూ నాన్నా చూశాం. "అమ్మా, ఇది ఊపిరి తీసుకోవట్లేదు, చచ్చిపోయిందేమో" అని రాశావు కదా, కంగారు పడకు. సీ లయన్ అంటే సీల్ జాతికి దగ్గరి చుట్టమైన సముద్ర జంతువు, అది నిక్షేపంగా ఉంది, ఒళ్ళు మరిచి నిద్రపోతోంది. ఇంకోసారి పెట్టుకుని ముక్కు ఒక్కటే చూడు. ముక్కుపుటాలు రెండు గీతల్లా అతుక్కుపోయి ఉంటాయి. మనకు అవి ఎప్పుడూ తెరిచే ఉంటాయి. దానికి మూసుకుని ఉండటమే సహజం, కండరం బిగిస్తేనే తెరుచుకుంటాయి. వీడియో చివర్లో ఆ గీతలు గుండ్రంగా విచ్చుకున్నాయి, భుస్సున గాలి వదిలింది, వెంటనే లోపలికి లాగింది, టక్కున మూసేసింది. అంతే, మళ్ళీ కదలిక లేదు.

మనం గాలి వదిలాక కాస్త ఆగుతాం. అది మాత్రం ఊపిరితిత్తులు నింపుకున్నాక ఆగుతుంది, నీళ్ళలోకి మునిగేముందు చేసినట్టే. గట్టున పడుకున్నా ఆ అలవాటు పోదు. దీన్ని చూసే నువ్వింత భయపడ్డావు, అదే ఎలిఫెంట్ సీల్ అనే భారీ సీల్ అయితే ఒడ్డున నిద్రలోనే పది నిమిషాలు దాటి ఊపిరి బిగబట్టగలదు!

ఇక దాని గుండె సంగతి. ఊపిరి తీసుకునేటప్పుడు వేగంగా కొట్టుకుంటుంది, బిగబట్టిన సేపూ నెమ్మదిస్తుంది. ఈసీజీ తీస్తే ఊపిరి దగ్గర గీతలు దగ్గర దగ్గరగా, విరామంలో దూరం దూరంగా పడతాయి. ఇలాంటిది మనలోనూ ఉంది. గాలి పీల్చేటప్పుడు గుండె వేగం కాస్త పెరుగుతుంది, వదిలేటప్పుడు తగ్గుతుంది. కార్ల్ లుడ్విగ్ అనే జర్మన్ శాస్త్రవేత్త 1847లోనే దీన్ని నమోదు చేశాడు. ఆమధ్య నీ వాచీలో హార్ట్ రేట్ ఎగుడుదిగుడుగా ఉందని టెన్షన్ పడితే, డాక్టరు చూసి "ఈ వయసులో మామూలే" అన్నది దీని గురించే.

గుండెకు పగ్గం వేసేది మెదడు నుంచి దిగే వేగస్ అనే నరం. మా కాలేజీ ల్యాబ్‌లో మసి పట్టించిన కాగితం చుట్టిన డ్రమ్ము తిరుగుతుంటే, కప్ప గుండెకు తగిలించిన లీవరు ముల్లు దాని మీద తెల్లగా ఎత్తుపల్లాలు గీసేది. వేగస్‌కు కరెంటు తగిలించగానే గీత చదునైపోయేది. "మేడమ్, చచ్చిపోయింది" అని పిల్లలు గోల పెట్టేవాళ్ళు, అచ్చం నీలాగే. కాసేపటికి ఆ గుండె దానంతటదే మళ్ళీ మొదలయ్యేది.

సీ లయన్ లోతుకు వెళ్ళినప్పుడు ఈ పగ్గం ఎంత బిగుస్తుందో కనిపెట్టింది మీ ఊళ్ళోనే, స్క్రిప్స్ అనే సముద్ర పరిశోధన సంస్థ వాళ్ళు. బిర్గిట్ మెక్‌డొనాల్డ్, పాల్ పొంగానిస్ కలిసి కాలిఫోర్నియా తీరంలోని సాన్ నికోలస్ దీవిలో ఆడ సీ లయన్లకు చిన్న ఈసీజీ రికార్డర్లు అమర్చి సముద్రంలోకి వదిలారు. 2014లో వచ్చిన ఆ ఫలితాల ప్రకారం, మూడు వందల మీటర్లు దాటిన మునకల్లో గుండె నిమిషానికి పదిసార్లు కూడా కొట్టుకోని సందర్భాలున్నాయి. గుండె అలా నెమ్మదించినప్పుడు రక్తం ముఖ్యంగా మెదడుకీ గుండెకీ అందుతుంది, కండరాలు తమలోని మయోగ్లోబిన్ అనే ప్రొటీన్‌లో దాచుకున్న ఆక్సిజన్‌తో నెట్టుకొస్తాయి. 1940లో షోలాండర్ అనే శాస్త్రవేత్త సీళ్ళను బలవంతంగా ముంచి ఇలాంటి లెక్కలే తీశాడు. నాకు ఆ పద్ధతి ఎప్పుడూ నచ్చలేదు. స్వేచ్ఛగా ఈదే జంతువు చెప్పేదే అసలు లెక్క.

లా హోయాలోనే చిల్డ్రన్స్ పూల్ అనే బీచి దగ్గర పడుకునేవి హార్బర్ సీళ్ళు, సీ లయన్లతో కలిపెయ్యకు. వాటికి బయటికి కనిపించే చెవి తమ్మెలు ఉండవు. మునిగేముందు అవి గాలి వదిలేసి వెళతాయి, సీ లయన్ నింపుకుని వెళుతుంది.

నువ్వు భయపడాల్సింది వేరే ఉంది. సముద్రంలో ఒక రకం నాచు పెరిగినప్పుడు డొమోయిక్ ఆమ్లం అనే విషం చేపల ద్వారా సీ లయన్లకు ఎక్కుతుంది. తల అదేపనిగా ఊపుతున్నా, ఫిట్స్ వస్తున్నా రెస్క్యూ వాళ్ళకు వెంటనే ఫోన్ చెయ్యి. నువ్వు మాత్రం దగ్గరికి పోకు, నలభై అయిదు మీటర్ల దూరం ఉండాలన్నది అక్కడి అధికారుల సూచన. సెల్ఫీల కోసం వాటి పక్కన కూర్చునేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. పాయింట్ లా హోయా రాళ్ళ మీదికి ఏడాది పొడవునా ఎవరూ వెళ్ళకూడదని 2023లో నగరపాలక సంస్థ తీర్మానించిందంటే ఊరికే కాదు. ఎంత నిద్రలో ఉన్నా మగది లేచి మీదికొస్తే మూడు వందల కిలోలు దాటే శరీరం అది, రాళ్ళ మీద నీకంటే వేగంగా పరిగెత్తగలదు.

అమ్మ