టైర్ ప్రెషర్ హెచ్చరిక లైటు ఆరకపోవడంపై ఫిర్యాదు

ఖమ్మం

కస్టమర్ సర్వీస్ విభాగాధిపతి గారికి,
ప్రధాన కార్యాలయం.

విషయం: టైరు మార్చినప్పటి నుంచి ఆరని టైర్ ప్రెషర్ లైటు, పనిచేయని వెనక ఎడమ చక్రం సెన్సర్, వారంటీ కింద మార్చడానికి మీ డీలరు నిరాకరణ.

అయ్యా,

మీ కంపెనీ కారు కొని వాడుతున్నవాణ్ణి. ఇక్కడి మీ డీలరు సర్వీస్ సెంటర్‌లో ఎన్నిసార్లు చెప్పినా నా సమస్య పరిష్కారం కాకపోవడంతో నేరుగా మీకే రాస్తున్నాను. దయచేసి దీన్ని మళ్లీ అదే సర్వీస్ సెంటర్‌కి పంపి చేతులు దులుపుకోకుండా, మీ సాంకేతిక విభాగం వారితో చదివించండి.

సమస్య ఇది. కారు స్టార్ట్ చేయగానే డ్యాష్‌బోర్డులో టైర్ ప్రెషర్ గుర్తు, అంటే గుర్రపు నాడా ఆకారంలో ఉండి మధ్యలో ఆశ్చర్యార్థకం ఉన్న పసుపు లైటు, ఒక నిమిషానికి పైగా ఆరుతూ వెలుగుతూ ఉంటుంది. ఆ తర్వాత నిలకడగా వెలిగి, కారు ఆపేదాకా అలాగే ఉండిపోతుంది. స్క్రీన్ మీద మూడు చక్రాల దగ్గర గాలి ఎంత ఉందో అంకెలు కనిపిస్తాయి. వెనక ఎడమ చక్రం దగ్గర మాత్రం అంకె ఉండదు, రెండు గీతలు ఉంటాయి. సర్వీస్ సెంటర్‌కి వెళ్లిన ప్రతిసారీ ఇదే చెప్పాను, ఫోన్‌లో తీసిన వీడియో కూడా చూపించాను. ప్రతిసారీ జాబ్ కార్డులో ‘ఎయిర్ చెక్’ అని రాసి, గాలి కొట్టి పంపించేశారు.

మీరు కారుతో పాటు ఇచ్చిన మాన్యువల్‌లోనే తేడా స్పష్టంగా రాసి ఉంది. లైటు మొదటి నుంచీ నిలకడగా వెలిగితే ఏదో ఒక టైరులో గాలి తగ్గినట్టు. స్టార్ట్ చేసినప్పుడు కాసేపు ఆరుతూ వెలుగుతూ ఉండి తర్వాత నిలిచిపోతే, గాలిని కొలిచే వ్యవస్థలోనే లోపం ఉన్నట్టు. అలాంటప్పుడు టైరులో గాలి తగ్గినా ఈ వ్యవస్థ పసిగట్టలేకపోవచ్చని కూడా అందులోనే ఉంది. నా కారు లైటు చెబుతున్నది ఈ రెండో సంగతి. ఈ పేజీని సర్వీస్ అడ్వైజర్ ముందు పెట్టి చూపించాను. ఆయన మర్యాదగానే విన్నారు, ఆయన మీద నాకు కోపం లేదు. కానీ ఆయన చేతిలో ఉన్న ట్యాబ్‌లో ఈ ఫిర్యాదు రాయడానికి ‘టైర్ ప్రెషర్ లో’ (గాలి తక్కువ) అన్న ఒక్క గడే ఉందట. కస్టమర్ ఏం చెప్పినా ఆ గడిలోనే పడితే, మెకానిక్ కూడా గాలి గొట్టమే పట్టుకుని వస్తాడు.

ఇది ఎప్పుడు మొదలైందో కూడా నాకు బాగా తెలుసు, మీ రికార్డుల్లోనూ ఉంది. రాయి తగిలి వెనక ఎడమ టైరు సైడు కోసుకుపోతే, బయట ఎక్కడా కాకుండా మీ డీలరు దగ్గరే కొత్త టైరు వేయించాను. అక్కడి మిషన్ మీదే పాత టైరు విప్పి కొత్తది ఎక్కించారు. మర్నాడు ఉదయం నుంచి లైటు మొదలైంది, అదే చక్రం దగ్గర అంకె పోయింది. అంతకుముందు ఒక్కరోజు కూడా ఈ ఇబ్బంది లేదు.

టైరులో గాలిని కొలిచి కారుకు చెప్పే సెన్సర్ ఉండేది రిమ్ము లోపల, వాల్వు మొదట్లో. టైరు విప్పేటప్పుడు మిషన్ బ్లేడు వాల్వు ఉన్న చోట నొక్కితే, లేదా టైరు అంచు దాని మీదుగా లాగితే, సెన్సర్ పగిలిపోతుంది. టైర్ల పని చేసేవాళ్లెవరికైనా తెలిసిన సంగతే ఇది, అందుకే జాగ్రత్త తెలిసినవాళ్లు ముందు వాల్వు ఎక్కడుందో చూసుకుని పని మొదలుపెడతారు. నా చక్రం విషయంలో అదే జరిగిందని నేను తీర్పు చెప్పడం లేదు. సెన్సర్ బాగానే ఉండి, దాని గుర్తింపు నంబరు కారు కంప్యూటర్‌లో సరిగా నమోదు కాకపోయినా ఇలాగే అవుతుంది. ఏది నిజమో తేల్చడానికి పెద్ద పరిశోధన అక్కర్లేదు. చేత్తో పట్టుకునే చిన్న పరికరాన్ని వాల్వు పక్కన పెడితే, పనిచేసే సెన్సర్ తన నంబరు, లోపలి గాలి, వేడి ఎంతో చెబుతుంది. పనిచేయనిది ఏమీ చెప్పదు. కొద్ది నిమిషాల పని. ఇన్నాళ్లలో ఆ పరికరం నా కారు దగ్గరికి ఒక్కసారి కూడా రాలేదు.

దానికి బదులు నాకు దొరికినవి కారణాలు. కొత్త టైరు కదా, కాస్త తిరిగితే సెట్ అవుతుందన్నారు. తర్వాత చలికాలం అన్నారు. చలికి గాలి తగ్గుతుందన్న మాట అబద్ధం కాదు. ఉష్ణోగ్రత సుమారు 5, 6 డిగ్రీలు పడిపోతే ఒక పీఎస్ఐ (టైరు గాలి ఒత్తిడికి కొలత) దాకా తగ్గుతుంది. మా ఖమ్మంలో మధ్యాహ్నం ఎండలో కొట్టించిన గాలి డిసెంబరు తెల్లవారుజామున తక్కువ చూపిస్తే ఆశ్చర్యం లేదు. కానీ చలికి గాలి తగ్గితే అంకె తగ్గాలి, అంకె మాయమై గీతలు రావు. పైగా నేను ఇంట్లో గేజి పెట్టుకుని, ఉదయం బండి కదపకముందే నాలుగు టైర్లూ చూసుకుంటున్నాను. డ్రైవర్ తలుపు దగ్గర మీరు అంటించిన స్టిక్కర్‌లో 33 అని ఉంది, నాలుగింటిలోనూ 33 ఉంటోంది.

ఒకసారి ‘కాస్త ఎక్కువ కొడితే లైటు పోతుంది’ అంటూ 33 ఉండాల్సిన టైర్లలో 40 కొట్టి పంపారు. ఇంటికొచ్చి గేజి పెడితే గానీ నాకు తెలియలేదు. గాలి ఎక్కువైతే టైరు రోడ్డుకు ఆనే భాగం తగ్గుతుంది, తడి రోడ్డు మీద బ్రేకు వేస్తే పట్టు తప్పుతుంది. హెచ్చరిక లైటు ఆర్పడం కోసం బండినే ప్రమాదంలో పెట్టడం ఏం పద్ధతి? ఇంకోసారి నైట్రోజన్ నింపించుకోమని చెప్పి, దానికి విడిగా డబ్బు తీసుకున్నారు. మామూలు గాలిలోనే 78 శాతం నైట్రోజన్ ఉంటుంది. మిగతాది కూడా నైట్రోజనే అయినంత మాత్రాన పలకని సెన్సర్ పలకదు కదా. మరోసారి బ్యాటరీ తీగ తీసి పెట్టారు. లైటు అలాగే ఉంది, గడియారం, రేడియో స్టేషన్లు మాత్రం మళ్లీ సెట్ చేసుకోవాల్సి వచ్చింది.

వీటన్నిటికంటే నన్ను బాధపెట్టినది వేరొకటి ఉంది. చివరిసారి వెళ్లినప్పుడు ఒక మెకానిక్, ‘సార్, లైటే కనబడకుండా చేసేస్తాం, మీకు టెన్షన్ ఉండదు’ అన్నాడు. మీ బోర్డు పెట్టుకున్న సర్వీస్ సెంటర్‌లో ఈ మాట వినాల్సి వస్తుందని నేను అనుకోలేదు. కారు అమ్మేవాళ్లకీ నడిపేవాళ్లకీ ఇలాంటి లైటు ఎందుకు ఉందో తెలియాలి. 2000 నాటికి అమెరికాలో టైర్ల పైపొర ఊడి, కార్లు పల్టీలు కొట్టి చాలామంది చనిపోయిన తర్వాత అక్కడ చట్టం తెచ్చారు. 2007 సెప్టెంబరు నుంచి అక్కడ అమ్మే కొత్త కార్లన్నిటిలో ఈ వ్యవస్థ ఉండి తీరాలి, ఏ టైరులోనైనా గాలి 25 శాతం తగ్గేసరికి డ్రైవర్‌కి తెలియాలి. యూరప్‌లో 2014 నవంబరు నుంచి కొత్త కార్లన్నిటికీ తప్పనిసరి చేశారు. ప్రాణాలు పోయాక వచ్చిన లైటు ఇది. దాన్ని కనబడకుండా చేయడం సేవ ఎలా అవుతుంది?

మన దేశంలో ఈ విషయానికి ఇంకో కోణం ఉంది, నా ఫిర్యాదుకు అదే ఆయువుపట్టు. 2020లో కేంద్రం మోటారు వాహనాల నిబంధనలను సవరించింది. ట్యూబ్‌లెస్ టైర్లు, టైర్ ప్రెషర్ చెప్పే వ్యవస్థ, పంక్చర్ కిట్ ఉంటే కారులో స్టెప్నీ లేకపోయినా ఫర్వాలేదని, ఆ ఏడాది అక్టోబరు నుంచి వెసులుబాటు ఇచ్చింది. మీరు నాకు అమ్మిన కారులో స్టెప్నీ లేదు. షోరూంలో అడిగితే, ‘స్టెప్నీ అవసరం ఉండదు సార్, టైరులో గాలి తగ్గితే బండే చెబుతుంది, కిట్ ఉంటుంది’ అన్నారు. ఆ మాట నమ్మి కొన్నాను. ఇప్పుడు బండి చెప్పడం లేదు, స్టెప్నీ ఎలాగూ లేదు. స్టెప్నీ తీసేయడానికి ఏ వ్యవస్థను చూపించారో అదే పనిచేయకపోతే, నాకు అమ్మిన కారులో భద్రతకు సంబంధించిన ఒక భాగం లేనట్టే.

ఇది కాగితం మీద వాదన కాదు. ఆపరేషన్ అయిన కన్ను చూపించడానికి మా అమ్మను హైదరాబాద్ తీసుకెళ్తుండగా, సూర్యాపేట దాటి, నార్కట్‌పల్లి కూడా దాటాక బండి ఎడమ పక్కకు లాగడం మొదలైంది. పక్కకు తీసి ఆపి చూస్తే వెనక ఎడమ టైరు దాదాపు రిమ్ము దాకా కూర్చుంది. మేకు దిగింది. సరిగ్గా స్క్రీన్‌లో గీతలు చూపించే చక్రమే. సూర్యాపేటలోనే గాలి తగ్గడం మొదలైందో ఏమో, అక్కడ బంకులున్నాయి, పంక్చర్ షాపులున్నాయి. బండి చెప్పి ఉంటే అక్కడే ఆగేవాళ్లం. చీకటి పడుతున్న వేళ, లారీలు పక్క నుంచే దూసుకుపోతుంటే, మా అమ్మను క్రాష్ బారియర్ అవతల నిలబెట్టి, ఫోన్ టార్చి వెలుగులో మీ కిట్ విప్పాను. అందులోని ద్రవం టైరులోకి ఎక్కించి, కంప్రెసర్‌తో గాలి నింపి, నెమ్మదిగా నడుపుకుంటూ చిట్యాల దాకా వెళ్లి పంక్చర్ వేయించాం. అక్కడి కుర్రాడు ముందు సబ్బు నీళ్లు పోసి బుడగలు వచ్చే చోటు చూపించాడు. టైరు విప్పే ముందు వాల్వు ఎక్కడుందో వెతికి, అది మిషన్ బ్లేడుకు ఎదురు వైపు ఉండేలా చక్రం తిప్పుకున్నాడు. ‘లోపల సెన్సర్ ఉంటది సార్’ అన్నాడు.

ఆ సంఘటన తర్వాత మీ డీలరు ఇచ్చిన సమాధానం వల్లే ఈ ఉత్తరం రాయక తప్పలేదు. టైరులో ద్రవం పోశారు, బయట పంక్చర్ వేయించారు, కాబట్టి సెన్సర్‌కి వారంటీ రాదు, సొంత డబ్బుతో కొత్తది కొనుక్కోండి అంటున్నారు. ఆ ద్రవం బయట కొన్నది కాదు, మీరే కారులో పెట్టి ఇచ్చినది. స్టెప్నీ లేని బండికి రోడ్డు మీద ఇంకేం చేయాలో మీరే చెప్పండి. ఇక ముఖ్యమైన సంగతి, లైటు గురించి నేను ఫిర్యాదు చేసినట్టు మీ జాబ్ కార్డులన్నీ ఆ పంక్చర్ కంటే ముందువే. సెన్సర్ అప్పటికే పలకడం లేదు. తర్వాత పోసిన ద్రవం ముందే ఉన్న లోపానికి కారణం ఎలా అవుతుంది?

కారు ఇంకా వారంటీలోనే ఉంది. కాబట్టి నేను కోరేది ఇది. నాలుగు చక్రాల సెన్సర్లనూ నా ఎదుటే పరికరంతో చూసి, వచ్చిన వివరాలను, కారు కంప్యూటర్‌లో నమోదైన లోపాల కోడ్‌లను ప్రింటు తీసి ఇవ్వాలి. వెనక ఎడమ సెన్సర్ పోయిందని తేలితే ఉచితంగా కొత్తది వేసి, దాని నంబరు కారులో నమోదు చేయాలి. నంబరు నమోదులోనే లోపముంటే అది సరిచేయాలి. పని అయ్యాక నన్ను కూర్చోబెట్టుకుని రోడ్డు మీద నడిపి, నాలుగో అంకె కనిపించాక, లైటు ఆరిందని చూశాకే జాబ్ కార్డు మూయాలి. నైట్రోజన్‌కి తీసుకున్న డబ్బు తిరిగి ఇవ్వాలి. వాడిన కిట్ ద్రవం సీసా స్థానంలో కొత్తది పెట్టాలి, ఎందుకంటే ఇప్పుడు నా కారులో స్టెప్నీ లేదు, హెచ్చరిక లేదు, ద్రవం కూడా లేదు. మా ఇంట్లో అందరూ నడిపే కారు ఇది.

నా ఒక్కడి కారు బాగైతే చాలని కూడా నేను అనుకోవడం లేదు. నిలకడగా వెలిగే లైటుకీ, ఆరుతూ వెలిగే లైటుకీ జాబ్ కార్డులో వేర్వేరు గడులు పెట్టించండి. మొదటిదానికి గాలి, రెండోదానికి సెన్సర్ పరీక్ష అని మీ సర్వీస్ సెంటర్లన్నిటికీ రాతపూర్వకంగా చెప్పండి. లైటు కనబడకుండా చేస్తామని ఏ కస్టమర్‌తోనూ అనకూడదని కూడా చెప్పండి.

ఈ ఉత్తరం అందిన 15 రోజుల్లోగా మీ నుంచి రాతపూర్వక సమాధానం ఆశిస్తున్నాను. ఫోన్ చేసి ‘మళ్లీ ఒకసారి బండి తీసుకురండి’ అంటే దాన్ని సమాధానంగా తీసుకోను. గడువులోగా పరిష్కారం కాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో ఫిర్యాదు నమోదు చేయించి, వినియోగదారుల రక్షణ చట్టం 2019 కింద జిల్లా వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయిస్తాను. కొన్న చోటే కాకుండా నేను ఉంటున్న చోట కూడా కేసు వేసే హక్కు ఆ చట్టం నాకిచ్చింది. అంతదాకా వెళ్లాలని నాకు లేదు. నాకు కావలసింది నాలుగో చక్రం దగ్గర ఒక అంకె.

జతపరిచినవి: జాబ్ కార్డుల నకళ్లు, కొత్త టైరు బిల్లు, నైట్రోజన్ రసీదు, చిట్యాల పంక్చర్ షాపు రసీదు, లైటు ఆరుతూ వెలగడం, స్క్రీన్‌లో గీతలు కనిపించే వీడియో, మాన్యువల్‌లోని సంబంధిత పేజీ ఫొటో.

ఇట్లు,
మీ కారు యజమాని,
ఖమ్మం.