నికోబార్ జిల్లా గిరిజన మండళ్ల మాట వినాలి

సంపాదకుల వారికి,

గ్రేట్ నికోబార్‌లో తలపెట్టిన ఓడరేవు, విమానాశ్రయం గురించి వార్తలు వస్తున్నాయి గానీ, ఆ దీవి ఉన్న జిల్లా స్వరూపం గురించి రాసేవారు అరుదు. 1974లో ప్రత్యేకంగా ఏర్పడిన నికోబార్ జిల్లాలో 2011 జనగణన ప్రకారం 36,842 మందే ఉన్నారు. జిల్లా కేంద్రం ఉత్తరపు కొసన, చదునైన చిన్న దీవి కార్ నికోబార్‌లో ఉండగా, జిల్లా విస్తీర్ణంలో దాదాపు సగం ఆక్రమించిన గ్రేట్ నికోబార్ దక్షిణపు కొసన ఉంది. సముద్రం అల్లకల్లోలమై ఓడలు ఆగితే, గ్రేట్ నికోబార్‌లోని ప్రధాన ఊరు కాంప్‌బెల్ బే వాసికి కలెక్టరు కార్యాలయం అందని దూరమే. మన ఆంధ్ర నుంచి వెళ్లి స్థిరపడిన మాజీ సైనికుల కుటుంబాలు కూడా అక్కడ ఉన్నాయి.

2004 సునామీలో గ్రేట్ నికోబార్ దక్షిణ కొస, ఇందిరా పాయింట్, 4 మీటర్లకు పైగా కుంగింది. పశ్చిమ తీరపు ఊళ్లు కోల్పోయి కాంప్‌బెల్ బే సమీపానికి చేరిన నికోబారీ గిరిజనులు తమ పూర్వీకుల నేలకు తిరిగి వెళ్లనివ్వాలని నేటికీ కోరుతున్నారు. ఇది నన్ను ఎక్కువగా కలచివేస్తున్న విషయం. అదే దీవిలో అడవినే నమ్ముకున్న షోంపెన్ తెగవారి సంగతి మరింత సున్నితమైనది. ప్రాజెక్టుకు తామిచ్చిన సమ్మతిని అక్కడి గిరిజన మండలి 2022లోనే ఉపసంహరించుకుంది.

1956 నాటి ఆదిమ తెగల రక్షణ నిబంధన అమల్లో ఉన్న ఈ జిల్లాలో, భూమికి సంబంధించిన ప్రతి నిర్ణయానికీ ముందు అధికారులు ఆ దీవికే వెళ్లి, గిరిజన మండలి పెద్దలతో వారి భాషలోనే చర్చించి, ఆ వివరాలను బహిరంగపరచాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు, విశాఖపట్నం