ఇంటివాళ్ల చేతికీ కూలి ఉంటుంది

ప్రియమైన నేస్తానికి,

నీ ఉత్తరం అందింది. మొన్నటి మేళా సామాను ఇంకా విప్పలేదు, పెట్టెలన్నీ వరండాలోనే ఉన్నాయి, అయినా జవాబు రాయకుండా ఉండలేకపోయాను. నువ్వు కూడా మాలాగే కొక్కెం తివాచీలు, అంటే గుడ్డలోంచి ఉన్ని పేలికలను కొక్కెంతో లూపులుగా పైకి లాగి చేసే తివాచీలు, చేసి హస్తకళల మేళాల్లో అమ్మాలనుకుంటున్నావని చదివి ఎంత సంతోషించానో! అయితే మధ్యలో ఒక మాట రాశావు చూడు, "ఇంట్లో వాళ్లమే చేసుకుంటాం కాబట్టి కూలి ఖర్చు ఉండదు" అని. దానికి మాత్రం నేను ఒప్పుకోను. మిగతా కబుర్లకు ముందు ఆ సంగతే తేల్చుకుందాం.

మా ఇంట్లో గుడ్డను బిగించే చట్రం పక్కనే ఒక నోటు పుస్తకం వేలాడుతూ ఉంటుంది. ఏ తివాచీ మీద ఎవరు ఎంతసేపు కూర్చున్నారో అందులో రాయాలి. ఉన్ని ఉతికిన సమయం, రంగు వేసిన సమయం, పేలికలు కోసిన సమయం, అంచు కుట్టిన సమయం, అన్నీ విడివిడిగా. మొదట్లో అత్తయ్యకు ఇది నచ్చలేదు. "నాకది కాలక్షేపం, దానికి లెక్కలేమిటమ్మా?" అనేవారు. ఒక పెద్ద తివాచీ అమ్ముడయ్యాక ఆ గంటలన్నీ కూడి, ఆమె వాటా డబ్బు కవరులో పెట్టి చేతికిచ్చాం. ఆ రోజు నుంచి పుస్తకం ఆమె అధీనంలోనే ఉంది. మామయ్య పేలికలు కోసి రాయడం మరిచిపోతే ఊరుకోరు.

ఇది డబ్బు పిచ్చి అనుకోకు. ఎవరి పనికి ఎంత సమయం పడుతుందో తెలియకపోతే దేనికి ఎంత ధర పెట్టాలో తెలియదు. ధర తక్కువ పెడితే ఇంకా ఎక్కువ చేయాలి. అప్పుడు రాత్రిళ్లు కూర్చునేది ఎవరు? ఇంట్లో ఎదురు మాట్లాడనివాళ్లే.

ఇక పని సంగతి. మగ్గం పని చేసినదానివి కాబట్టి నీకు ఇది త్వరగా పట్టుబడుతుంది. అక్కడ దారం గుడ్డ కింద ఉంటుంది, కొక్కెం సూది పైనుంచి దిగి దాన్ని అందుకుని పైకి లాగుతుంది. ఇక్కడా అంతే, దారానికి బదులు ఉన్ని పేలిక. కానీ గొలుసు కుట్టులో ఒక లూపులోంచి ఇంకో లూపు వస్తుంది, ఇక్కడ ఏ లూపుకు ఆ లూపే విడిగా నిలబడుతుంది. ముడి లేదు, జిగురు లేదు. పక్కపక్క లూపులు ఒకదాన్నొకటి ఒత్తుకుని, నేత దారాల మధ్య బిగుసుకుని అలా ఉండిపోతాయి. మరీ పలుచగా వేస్తే ఊడివస్తాయి. మరీ కిక్కిరిసి వేస్తే తివాచీ నేల మీద పరుచుకోకుండా అంచులు పైకి లేస్తాయి. అందుకని ప్రతి రంధ్రంలోనూ వేయకుండా, పేలిక వెడల్పును బట్టి ఒకటో రెండో వదిలేస్తూ పోవాలి. లూపు ఎత్తు దాదాపు పేలిక వెడల్పంత ఉంటే చూడటానికి బాగుంటుంది. పేలిక కొసలు రెండూ పైకే తీసి, లూపుల మట్టానికి కత్తిరించాలి. వెనుక వైపు ఒక పేలిక మీదుగా ఇంకోదాన్ని మాత్రం దాటించకు. అడుగున గడ్డలు కడితే తివాచీ అక్కడే ముందు అరుగుతుంది.

నాకు అన్నిటికంటే ఇష్టమైన పని ఏమిటో తెలుసా? గుడ్డ మీద అంచు గీత గీయడం. నార గుడ్డను (లినెన్‌ను) బల్ల మీద పరిచి, రెండు నేత దారాల మధ్య ఉన్న సన్నని గాడిలో పెన్సిలు మొన పెట్టి నెమ్మదిగా లాగితే చాలు, అదే దారి చూసుకుంటూ ఆ చివరిదాకా పోతుంది. స్కేలు అవసరం లేదు. స్కేలుతో గీస్తే గీత తిన్నగానే ఉంటుంది కానీ నేతతో కలవదు. అప్పుడు లూపుల వరుస మెట్లు మెట్లుగా వచ్చి, అంచు వంకరగా కనిపిస్తుంది.

ఉన్ని కోసం కొత్త గుడ్డే కొనక్కర్లేదు. పాత కోట్లు, లంగాలు, దుప్పట్లు ఏవైనా సరే, పూర్తి ఉన్ని అయితే చాలు. కుట్లు విప్పి, వేడి నీళ్లలో ఉతికి, ఆరబెట్టే యంత్రంలో తిప్పితే పోగులు ఒకదానిలో ఒకటి చిక్కుకుని గుడ్డ దళసరిగా, మెత్తగా మారుతుంది. అలా మారినదైతే పేలికగా కోసినా పోగులు అంతగా ఊడవు. సూట్లకు వాడే నున్నని పలుచని ఉన్ని ఉంటుందే, అది అలా దగ్గరపడదు, దాన్ని పక్కన పెట్టెయ్. ఎంత ఉన్ని కావాలన్నది అందరూ అడిగే ప్రశ్న. మేము నింపవలసిన చోటికి నాలుగింతల గుడ్డ లెక్క వేసుకుంటాం. లూపులు ఎత్తుగా వేసే చేయి అయితే ఇంకాస్త ఎక్కువ. నేపథ్యం రంగును మాత్రం లెక్కకు మించి సిద్ధం చేసుకో, సగంలో అయిపోతే అచ్చం అదే రంగు మళ్లీ రాదు.

పేలికలు కోసేది మామయ్య. బల్ల అంచుకు బిగించే చిన్న యంత్రం ఉంటుంది, పిడి తిప్పుతూ ఉంటే ఒకేసారి కొన్ని పేలికలు రాలుతాయి. అందులోని కోత బిళ్లల మీద నంబర్లు ఉంటాయి. అంగుళాన్ని 32 భాగాలు చేస్తే అందులో ఎన్ని భాగాలో అదే నంబరు. 3 నంబరు పేలికతో పువ్వు రేకులో నీడలు కూడా చూపించవచ్చు. 8 నంబరు అంటే పావు అంగుళం, దానితో బొమ్మ మొరటుగా, నిండుగా వస్తుంది. నువ్వు 8తో మొదలుపెట్టు. పని త్వరగా కనిపిస్తుంది, ఉత్సాహం నిలుస్తుంది.

రంగులు మా అమ్మాయి చూసుకుంటుంది. తడిపిన ఉన్నిని రంగు నీళ్లలో వేసి సన్న మంట మీద ఉంచి, కాసేపటికి వెనిగర్ పోస్తుంది. చిక్కని ఎరుపు నీళ్లు కొద్దికొద్దిగా తేటపడుతూ వచ్చి, చివరికి గిన్నె అడుగు కనిపిస్తుంది. రంగంతా ఉన్నిలోకి వెళ్లిపోయిందన్నమాట. నేను ఎన్నిసార్లు చూసినా పని మానేసి పక్కనే నిలబడిపోతాను. రంగు గిన్నెలను మళ్లీ వంటకు వాడకూడదు, అది మాత్రం గుర్తుంచుకో.

చరిత్ర కూడా కొంచెం తెలుసుకుని ఉంటే మంచిది, మేళాలో నిలబడి వింటారు. 19వ శతాబ్దంలో అమెరికా ఈశాన్య తీరంలోనూ, కెనడా అట్లాంటిక్ తీరంలోనూ పేద ఇళ్ల ఆడవాళ్లు ధాన్యం గోనెసంచులు విప్పి, చిరిగిన బట్టల పేలికలతో వీటిని చేసుకునేవారు. ఆ గోనెకు జనపనార పండింది బెంగాల్లో! ఈ మాట చెప్పగానే తివాచీ తిరగేసి చూడని మనిషిని నేను చూడలేదు. ఇప్పుడు మేము గోనె వాడటం లేదు. అది ఏళ్లు గడిచేకొద్దీ పెళుసెక్కి చిట్లుతుంది, పైన ఉన్ని బాగానే ఉన్నా అడుగు పోతుంది. అన్ని గంటలు పోసి చేసినది నార గుడ్డ మీదో మంచి నూలు గుడ్డ మీదో ఉండాలి.

వ్యాపారం విషయంలో నాకు ఆదర్శం అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో బిడ్డిఫర్డ్ వాసి ఎడ్వర్డ్ శాండ్స్ ఫ్రాస్ట్. రేకు సామాన్లు ఊరూరా తిరిగి అమ్మేవాడు. 1868లో భార్య తివాచీ చేస్తుంటే చూసి, ముందు ఆమెకు మంచి కొక్కెం చేసిచ్చాడు, తరువాత గోనె మీద బొమ్మ గీసిచ్చాడు. ఇరుగుపొరుగు కూడా గీసిమ్మని అడగడం మొదలుపెట్టారు. చేత్తో గీయడం ఎక్కడ సరిపోతుందని రేకుతో అచ్చులు కోసి, వాటితో బొమ్మలు ముద్రించి, గోనెలు బండిలో వేసుకుని అమ్మాడు. చూశావా, తివాచీల కంటే, తివాచీ చేసుకోవాలన్న కోరికకు గిరాకీ ఎక్కువని ఆయన అప్పుడే పట్టేశాడు. మాకూ అదే అనుభవం. బొమ్మ గీసిన గుడ్డ, కోసి పెట్టిన పేలికలు, ఒక కొక్కెం, రెండు పేజీల సూచనలు కలిపి కిట్టుగా పెడితే చక్కగా అమ్ముడవుతాయి. గ్లాసు కింద పెట్టే చిన్న చాపలు, గుండుసూదుల దిండ్లు, కుర్చీ మీద వేసే గుండ్రని ఆసనాలు తరువాతి స్థానంలో ఉంటాయి. పెద్ద తివాచీ ఎప్పుడో ఒకటి అమ్ముడవుతుంది. కానీ అది వెనుక వేలాడకపోతే ముందున్న చిన్నవాటి దగ్గర ఎవరూ ఆగరు. అందుకని పెద్దది తప్పకుండా తీసుకెళ్లు, అమ్ముడుపోలేదని చిన్నబుచ్చుకోకు.

స్టాలులో ఒకరు ఎప్పుడూ చట్రం ముందు కూర్చుని పని చేస్తూ ఉండాలి. మా స్టాలులో ఆ కుర్చీ అత్తయ్యది. పక్కన ఇంకో చిన్న చట్రం, దాని మీద ఒక కొక్కెం పెట్టి ఉంచుతాం, ఎవరైనా వచ్చి ఒక లూపు లాగవచ్చు. పిల్లలు భయం లేకుండా లాగేస్తారు. పెద్దవాళ్లే "పాడైపోతుందేమో" అంటారు. పాడవదు, కొస పట్టుకుని లాగితే మొత్తం ఊడివస్తుంది, మళ్లీ వేసుకోవచ్చు. అది చూపించాక వాళ్ల ముఖాలు వికసిస్తాయి. కిట్టు కొనేవాళ్లలో చాలామంది ఆ ఒక్క లూపు లాగి చూసినవాళ్లే.

ఆరుబయట మేళా అయితే గుడారం నాలుగు కాళ్లకూ బరువులు కట్టు. ఎండ నేరుగా పడే వైపు ముదురు రంగు తివాచీలు వేలాడదీయకు, వెలిసిపోతాయి. మేళావాళ్లు దరఖాస్తుతో ఫొటోలు అడిగితే, నిండు తివాచీతో పాటు లూపులు కనిపించేలా దగ్గరగా తీసినది కూడా పంపు. ఎంపిక చేసేవాళ్లు చాలామంది వీటిని మగ్గం మీద నేసినవనుకుంటారు. ఇంకొకరు గీసిన నమూనాతో చేసినదైతే అమ్మే ముందు అనుమతి తీసుకో, చీటీ మీద గీసినవారి పేరు రాయి. మా స్టాలులో గీసింది ఎవరు, రంగు వేసింది ఎవరు, లూపులు వేసింది ఎవరు అని ప్రతి చీటీ మీదా ఉంటుంది.

ఇప్పుడు బేరం సంగతి. నువ్వు నాకు రాసిన మాటే కొనేవాళ్లూ అంటారు. "ఇంట్లో చేసుకున్నవే కదా, తగ్గించండి." అప్పుడు నేను నోటు పుస్తకం తెరిచి ఆ తివాచీ పేజీ చూపిస్తాను. కోపంగా కాదు, సంతోషంగానే చూపిస్తాను. కొందరు చదివి నమస్కారం పెట్టి వెళ్లిపోతారు, కొందరు కొంటారు. ధర మాత్రం తగ్గించను. కావాలంటే చిన్నది చూపిస్తాను, వాయిదాల్లో ఇవ్వమంటాను. ఒకసారి తగ్గిస్తే, మొదట పూర్తి ధర ఇచ్చి కొన్నవాళ్లకు నేనేం సమాధానం చెప్పాలి? పక్క స్టాలులో అదే పని చేసుకుని బతికే మనిషికేం చెప్పాలి?

ఈ గొడవ పాతదే. కెనడాలోని నోవా స్కోషియాలో షెటికాంప్ అని ఒక ఊరుంది. 1920ల చివర్లో లిలియన్ బర్క్ అనే ఆమె అక్కడి ఆడవాళ్లకు మెత్తని రంగులు, ఉన్ని దారం వాడకం అలవాటు చేసి, వాళ్ల తివాచీలను న్యూయార్క్‌లో అమ్మించింది. ఊరికి పేరొచ్చింది. 1930లలో తమకు వచ్చే డబ్బు చాలదని కొందరు విడిపోయి, సొంతంగా అమ్ముకోవడం మొదలుపెట్టారు. ఆ పనికి పేరు తెచ్చిన మనిషి మీద గౌరవం లేక కాదు, తమ చేతి విలువ తెలిసి. నేనైతే ఆ ఆడవాళ్ల పక్షం. మరి మన ఇంట్లోనే మనం అలాంటి గొడవకు చోటివ్వడం ఎందుకు?

కొన్నవాళ్లకు జాగ్రత్తలు చెప్పడం మరిచిపోకు. బ్రష్షు తిరిగే యంత్రంతో తుడవకూడదు, పట్టుకుని దులపకూడదు, మడత పెట్టకూడదు. దాచాలంటే లూపులు బయటికి ఉండేలా చుట్టాలి. లోపలికి చుడితే అడుగు గుడ్డ మీద లాగుడు పడుతుంది. ఇవన్నీ ఒక చిన్న కాగితం మీద రాసి తివాచీతో పాటే కట్టి ఇస్తాం.

నువ్వు గీసిన కోడిపుంజు బొమ్మ చూశాను. చాలా బాగుంది, తోక ఈకల మధ్య కాస్త చోటు పెంచు, 8 నంబరు పేలిక అంత సన్నని సందులో పట్టదు. మొదటిది రెండడుగులకు మించి చేయకు. నేపథ్యానికి ఏ రంగు వేయాలని అడిగావు. ఒకే రంగు కాకుండా దగ్గరదగ్గర ఛాయలున్న మూడు నాలుగు పాత గుడ్డలు కలిపి వెయ్, ప్రాణం వస్తుంది. మా దగ్గర బూడిద నీలం ఉన్ని చాలా ఉంది, పుంజు ఎరుపుకు బాగా అతుకుతుంది. కావాలంటే మామయ్య చేత 8 నంబరులో కోయించి పంపిస్తాను. కొలతలు రాయి, గుడ్డకూ కోతకూ ఎంతవుతుందో లెక్క కట్టి చెబుతారు.

ప్రేమతో,
నీ నేస్తం